చలి నీరు వచ్చిన వారం

ఇది సముద్రంతో మనిషి తలపడిన గాథ. ఇందులో ప్రళయం ఉంది, వేల ప్రాణాలున్నాయి, ఒక కురువృద్ధుడి ప్రతిజ్ఞ ఉంది, సొంత ఇంటివాడే తలపెట్టిన ద్రోహం ఉంది. రాస్తూ పోతే పద్దెనిమిది పర్వాలూ చాలవు.

నిజానికి అంత లేదు. జరిగిందంతా మోకాలి లోతు నీళ్ళలో జరిగింది. వేల ప్రాణాల్లో ఎక్కువ భాగం నెత్తళ్ళూ కవళ్ళూ లాంటి చిన్న చేపలవి. కురువృద్ధుడు మా మావయ్య, ఆయనకి ఇంకా అరవై నిండలేదు. ప్రతిజ్ఞ అంటే "ఆదివారం దాకా ఆగండ్రా" అన్నాడు, అంతే. ద్రోహిని నేను. ద్రోహానికి వాడిన ఆయుధం థర్మామీటరు.

మాది ఓడలరేవు పక్కన, ఏటికీ సముద్రానికీ మధ్య ఇసక మేట మీద నిలబడ్డ పల్లె. అమలాపురంలో డిగ్రీ చదివాను. చదివాక ఏం చెయ్యాలో కూడా ఆ కాలేజీలోనే చెప్పి ఉంటే నేను ఈ ఉద్యోగంలో ఉండేవాణ్ణి కాదు. చేపల మీద పరిశోధన చేసే ఒక మేడం గారికి మా ఒడ్డున మనిషి కావలసి వచ్చాడు. అలలు విరిగే చోట, అంటే జనం ప్యాంటు మడుచుకుని ఫోటోలు దిగే చోట, ఏ చేపలు ఎప్పుడు ఉంటాయి, నీరు వేడెక్కితే ఏవి పోతాయి, గాలి మారితే ఏవి వస్తాయి అని ఏడాది పొడుగునా రాసి ఉంచాలి. సముద్రం అనగానే అందరూ లోతు గురించే మాట్లాడతారు గానీ చాలా చేపలు పిల్లప్పుడు పెరిగేది ఈ మోకాలి లోతులోనే అని ఆవిడ చెప్తే చాలా గంభీరంగా తలాడించాను. నేను పెరిగింది కూడా అక్కడే.

పని పెద్ద కష్టం కాదు. తెల్లారగానే నీళ్ళలో దిగి థర్మామీటరు ముంచాలి. తాడుకి కట్టిన తెల్ల పళ్ళెం వదిలి, ఎంత లోతుదాకా కనబడుతుందో చూడాలి. గాలి ఎటునుంచి వీస్తోందో, నీరు ఏ రంగులో ఉందో రాయాలి. తరవాత విసురు వల ఐదుసార్లు విసిరి, పడిన చేపల్ని రకం వారీగా లెక్కపెట్టి, మళ్ళీ నీళ్ళలో వదిలెయ్యాలి.

ఈ చివరి ముక్క మా పల్లెలో పెద్ద సంచలనం. పట్టిన చేపని వదిలేసే మనిషిని మా వాళ్ళు అంతవరకూ చూడలేదు. మొదటి వారం నన్ను చూడ్డానికి పనిగట్టుకుని వచ్చినవాళ్ళున్నారు. చదువుకుంటే ఇలాగవుతారని ముందే తెలిస్తే మా ఇంట్లో ఒక్కణ్ణి కూడా బడికి పంపేవాళ్ళు కాదని మావయ్య మా అమ్మతో అన్నాడట. థర్మామీటరుకి ఆయన పెట్టిన పేరు "జొరం పుల్ల". రోజూ పొద్దున్నే ఇసక దిబ్బ మీంచి అరిచి అడిగేవాడు.

"ఏం అల్లుడూ, సముద్రానికి జొరం ఎంతుంది?"

నేను అంకె చెప్పేవాణ్ణి. వేళాకోళం అనుకునేవాణ్ణి. అది వేళాకోళం కాదని తెలిసేసరికి ఆదివారం వచ్చింది.

మావయ్య గురించి చెప్పాలి. మా ఊళ్ళో అలివి వల ఒక్కటే మిగిలింది, అది ఆయనది. అలివి వల అంటే ఒడ్డునించి లాగే పెద్ద వల. ఒక కొస మోకు ఒడ్డున ఉంచుకుని, మిగతా వలని పడవలో వేసుకుని సముద్రంలోకి వెళ్ళి, అర్ధచంద్రాకారంలో దింపుకుంటూ వచ్చి, రెండో కొస మోకు ఇంకాస్త దూరంలో ఒడ్డుకి చేరుస్తారు. అప్పుడు రెండు మోకుల దగ్గరా పదహారేసి మంది నిలబడి, గంటన్నర పాటు లాగుతారు. ఒక్కరు తగ్గినా వల ఏటవాలుగా వస్తుంది, చేప కిందనించి జారిపోతుంది. ఈ ముప్పై రెండు మందిలో ఎవరూ నీళ్ళకేసి చూడరు. చూసేవాడు ఒక్కడే. సరుగుడు తోట ముందున్న దిబ్బ మీద నిలబడి, నీటి రంగు చూసి, చేప మంద ఎక్కడుందో కనిపెట్టి, భుజం మీద తువ్వాలు తీసి ఎటు ఊపితే పడవ అటు పోతుంది. ఆ చూసేవాడు మావయ్య. ముప్పై ఏళ్ళుగా ఆయన తువ్వాలు ఊపుతున్నాడు. ఏ ట్రాఫిక్ పోలీసుకీ అంత సర్వీసు ఉండదు.

పాళ్ళు పంచడానికి ఒక పద్ధతుంది. వల మధ్యలో చేప చేరే సంచి ఒడ్డుకి రాకముందు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ పాలు ఉంటుంది. ఊరివాడా, దారిన పోయేవాడా అని అడగరు. ఒకసారి పెళ్ళికి ముందు ఫోటోలు తీయించుకోడానికి వచ్చిన జంట, ఫోటోగ్రాఫరు చెప్పాడని మోకు పట్టుకుని నవ్వుతూ నిలబడ్డారు. ఫోటో అయ్యాక వెళ్ళిపోబోతుంటే మావయ్య వాళ్ళని ఆపి, వాళ్ళ పాలు వాళ్ళ చేతుల్లో పెట్టాడు. ఆ అమ్మాయి పట్టు చీర మీద రెండు జెల్ల చేపలు పట్టుకుని నిలబడ్డ ఫోటో ఎవరి ఆల్బంలోనో ఉండే ఉంటుంది.

చూసినవాడి పాలు మాత్రం అందరికంటే ముందు తీస్తారు. ఆ తరవాతే మిగతావాళ్ళవి.

ఆ ఫాల్గుణ మాసంలో తియ్యడానికి ఏమీ లేకపోయింది. నెల రోజుల పాటు వల వేసిన ప్రతిసారీ జెల్లీ చేపలూ, కొబ్బరి డొక్కలూ, ఎవరివో చెప్పులూ వచ్చాయి. ఒకసారి ప్లాస్టిక్ కుర్చీ వచ్చింది, నాలుగు కాళ్ళూ బాగానే ఉన్నాయి. దాన్ని మావయ్య దిబ్బ మీద వేసుకున్నాడు. ఎందుకంటే అప్పటికి ఆయన నిలబడలేకపోతున్నాడు. టేకు చేప తోక ముల్లు పాదంలో దిగి, పుండు పడి, కట్టు కట్టించుకున్నాడు. మందు వేసే ఆయన పదిహేను రోజులు కాలు తడపొద్దన్నాడు. ముప్పై ఏళ్ళలో మావయ్య నీళ్ళలో అడుగు పెట్టని రోజులు అవే.

ఇంతలో రొయ్యల చెరువుల వాళ్ళు మనుషులు కావాలని కబురు పెట్టారు. ఏడాది పని, ఉండడానికి గది, భోజనం. సోమవారం పొద్దున్న వ్యాను పంపుతామన్నారు. వెళ్దామని అందరికంటే ముందు లేచినవాడు మా బావ, అంటే మావయ్య తమ్ముడి కొడుకు. మోకు దగ్గర మొదటి స్థానం వాడిది. వాడి వెనకాల పది మంది తయారయ్యారు. పదకొండు మంది పోతే మిగిలేది ఇరవై ఒక్కరు. ఇరవై ఒక్కరితో ఆ వల లేవదు. లేవని వల ఏమవుతుందో మా ఊళ్ళో ప్రతి పెరడూ చూస్తే తెలుస్తుంది. ముక్కలు కోసి మేకలు రాకుండా కంచెకి కట్టుకుంటారు. మా ఊరి బీరపాదులు పాకుతున్నవన్నీ ఒకప్పుడు పేరున్న వలలే.

మావయ్య బతిమాలలేదు. ఆదివారం దాకా ఆగమన్నాడు. ఆదివారం ఒక్క వల వేస్తాను, అందులో చేప పడకపోతే నేనే కత్తి ఇస్తాను, కోసుకోండి అన్నాడు. బావ సరేనన్నాడు. ఇదీ పరిస్థితి. ఒక్క తువ్వాలు ఊపు మీద ఒక వల ఆధారపడి ఉంది.

నా సంగతికి వస్తాను. బుధవారం థర్మామీటరు నా చేతిలోంచి జారి పడవ అంచుకి తగిలింది. పగల్లేదు. గురువారం పొద్దున్న నీళ్ళలో ముంచితే ఇరవై నాలుగు చూపించింది.

అంతకుముందు రెండు వారాలుగా ఇరవై ఎనిమిది. ఎండ మాడుస్తోంది, ఒంటి మీద చొక్కా నిలవడం లేదు, సముద్రమేమో చల్లబడిందంటోంది. మళ్ళీ ముంచాను. ఇరవై నాలుగే. నా కాళ్ళు కూడా జిల్లుమన్నాయి. కానీ నేను డిగ్రీ చదివినవాణ్ణి, కాళ్ళ మాట వినడం అలవాటు లేదు. పైగా ఒక పాత భయం ఉంది. పుష్యమాసంలో ఒకసారి పొరపాటున అంకెలు తిరగేసి ఎనభై రెండు అని రాశాను. మేడం గారు ఫోన్ చేసి, "సముద్రం కాగుతోందాండి? ఉడికిన చేపలు కూడా ఒడ్డుకొస్తున్నాయా?" అని చాలా మర్యాదగా అడిగారు. అప్పట్నించీ వింత అంకె అంటే నాకు వణుకు.

అందుకని రిజిస్టర్లో ముందురోజు అంకె చూసి, దాని కిందే ఇరవై ఎనిమిది అని రాశాను. చేతిరాత కూడా బాగా కుదిరింది.

మిగతావన్నీ నిజాయితీగానే రాశాను, అదీ విచిత్రం. గాలి నాలుగు రోజులుగా ఒడ్డు వెంబడే, నైరుతినించి ఒకే పట్టున వీస్తోందని రాశాను. నీరు నల్లగా ఉందని రాశాను. విసురు వలలో ఎప్పుడూ లేని పాము చేపలు రెండు పడ్డాయని రాశాను. పీతలు నీళ్ళు వదిలి తడి ఇసక మీదకొచ్చి, బస్సు కోసం చూస్తున్నట్టు వరసగా నిలబడ్డాయి. అది కూడా రాశాను. ప్రతి వరసా ఏదో చెప్తూనే ఉంది. అన్నిటి పక్కనా ఇరవై ఎనిమిది అని రాసుకుంటూ పోయాను. శుక్రవారం ఇరవై ఎనిమిది. శనివారం ఇరవై ఎనిమిది. మేడం గారు వచ్చినప్పుడు కొత్త థర్మామీటరు అడుగుదామనుకున్నాను.

మావయ్య రోజూ అడుగుతూనే ఉన్నాడు. నేను రోజూ చెప్తూనే ఉన్నాను.

ఆదివారం తెల్లవారేసరికి ఊరంతా ఒడ్డున ఉంది. మా అత్తయ్యా, ఇంకో పది మంది ఆడవాళ్ళూ ఖాళీ బుట్టలు పెట్టుకుని కూర్చున్నారు. మావయ్య కుర్చీ పక్కకి తోసి, కట్టు కట్టిన కాలు మీద బరువు పడకుండా నిలబడి, చాలాసేపు చూశాడు. రెండో అల అవతల ఒక నలుపు ఉంది. పెద్ద నలుపు, రెండు కొబ్బరి తోటలంత. మెల్లగా కదులుతోంది.

నన్ను పిలిచాడు. ఈసారి అరవలేదు.

"నీళ్ళెలా ఉన్నాయిరా?"

"ఇరవై ఎనిమిదండి."

"సరిగ్గా చూసే చెప్తున్నావా?"

"ఆయ్."

తువ్వాలు తీసి ఊపాడు.

పడవ వెళ్ళింది. నలుపుని చుట్టుకుంటూ వల దింపింది. అంత అందంగా వల దిగడం నేను ఎప్పుడూ చూడలేదు, పైన తేలే బెండ్లన్నీ ముత్యాల దండలా వంపు తిరిగాయి. రెండు మోకులూ ఒడ్డుకి చేరాయి. పదహారు ఇటు, పదహారు అటు, లాగడం మొదలుపెట్టారు. బావ కూడా పళ్ళు బిగించి లాగుతున్నాడు. వాడు వెళ్ళిపోదామనుకుంటున్నాడే గానీ చేప పడకూడదనుకోవడం లేదు, అది వాడి వీపు చూస్తేనే తెలుస్తోంది.

వల సగం దూరం వచ్చేసరికి తూర్పునించి కేకలు వినిపించాయి. ఏరు సముద్రంలో కలిసే మొగ అటే, మైలు దూరం ఉంటుంది. ఒకడు సైకిలు ఇసకలో దిగబడుతున్నా తొక్కుతూ వచ్చాడు. మొగ దగ్గర చేప చీలమండ లోతులోకి వచ్చేసిందట. చేత్తో ఏరుకుంటున్నారట. సునామీ వస్తోందేమో, అందుకే పారిపోయి వస్తున్నాయేమో అని కూడా అన్నాడు. అలా అంటూనే సైకిలు వెనక్కి తిప్పి మళ్ళీ మొగ వైపే తొక్కాడు.

తరవాత జరిగింది నేను ఊహించనిది. ఎడమ మోకు దగ్గర ఒకడు చెయ్యి వదిలాడు. అతని వెనకాల ఇద్దరు. మరో నిమిషానికి ముప్పై రెండు మందిలో ఐదుగురు మిగిలారు. వల నీళ్ళలో ఉండగా మోకు వదలడం నేను పుట్టాక చూడలేదు. చూడలేదు సరే, అలాంటిది ఉంటుందని కూడా తెలియదు. నా నోరు తెరుచుకునే ఉండిపోయింది. అందులోకి ఇసక కొట్టుకొచ్చాక మూశాను.

బావ కాస్త ఆగాడు. మోకు కేసి చూశాడు, దిబ్బ కేసి చూశాడు. తరవాత వాడూ పరిగెత్తాడు.

దిబ్బ మీద మావయ్య లేడు. కట్టు కట్టిన కాలుతో నీళ్ళలో దిగి, జారిపోతున్న మోకు పట్టుకుని, వెనక్కి వాలి నిలబడి ఉన్నాడు. నేను వెళ్ళి ఆయన వెనకాల మోకు పట్టుకున్నాను. ఆయన నీళ్ళకేసి చూశాడు, తన కాళ్ళ కేసి చూశాడు. ఆ చూపు చూశాక నోరు మూసుకుని ఉండడం నావల్ల కాలేదు.

"మావయ్యా, నీళ్ళు ఇరవై ఎనిమిది కాదండి."

"తెలుస్తోంది. ఎంత?"

"ఇరవై నాలుగు. గురువారం నుంచీ."

"మరి అలా ఎందుకు చెప్పేవు?"

"పుల్ల పాడైందనుకున్నానండి."

"నీ కాళ్ళు కూడా పాడయ్యాయా?"

నేను మోకు ఇంకాస్త గట్టిగా లాగాను.

అప్పుడు చెప్పాడు, మోకు లాగుతూనే, ఎవరి మీదా కోపం లేనట్టు. వెచ్చటి నీళ్ళలో నలుపు కనిపిస్తే అది చేప. చలి నీళ్ళలో నలుపు కనిపిస్తే అది ఉత్త నీరే, అడుగునించి లేచిన నీరు. అందులో చేప ఉండదు, ఉన్నది ఉండలేక పారిపోతుంది. ఎటు పోతుందంటే ఏటి నీరు బయటికొచ్చే చోటికి, మొగకి. చలి నీరని తెలిస్తే వల అక్కడ వేసేవాణ్ణి అన్నాడు. ఇది ఆయన నాన్న చెప్పిన మాటట. ముప్పై ఏళ్ళలో ఆయన దీన్ని కళ్ళతో ఎప్పుడూ తేల్చుకోలేదు. ప్రతిరోజూ కాళ్ళతో తేల్చుకున్నాడు. కాలు తడపకూడని పదిహేను రోజులకి మాత్రం నన్ను నమ్ముకున్నాడు.

వలని కాపాడింది మా అత్తయ్య. బుట్టలు అక్కడే వదిలి, చీర బిగించి, పది మంది ఆడవాళ్ళనీ లేపింది. మగవాళ్ళు మొగకి పోయారు, మనం మోకుకి పోదాం అంది. అలవాటు లేని చేతులు, ఏటవాలుగా లాగారు, మధ్యలో ఇద్దరు పడ్డారు, నవ్వుకున్నారు, తిట్టుకున్నారు. మిగిలిన నలుగురు మగవాళ్ళూ రెండో మోకు పట్టారు. రెండు గంటలు పట్టింది గానీ వల చిరగకుండా ఒడ్డుకొచ్చింది. సంచిలో జెల్లీ చేపలున్నాయి, సగం చచ్చిన పీతలున్నాయి. మావయ్య పద్ధతి ప్రకారం ఆ పీతల్నే పాళ్ళు వేశాడు. మనిషికి రెండేసి వచ్చాయి. తన పాలు తీసుకోలేదు. నా చేతిలో రెండు పెట్టి, "వెళ్ళి మొగ దగ్గర లెక్క రాసుకో. అది కదా నీ పని" అన్నాడు.

పీతలు పట్టుకుని వెళ్ళాను. వాటిని ఎక్కడ పెట్టాలో తెలియలేదు.

మొగ దగ్గర చూసింది ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. నీరు కనిపించలేదు. వెండి కనిపించింది. నెత్తళ్ళు, కవళ్ళు, ఎప్పుడో గాని పడని పండుగప్పలు, బురదలో తప్ప ఉండని జెల్లలు, లోపలెక్కడో ఉండే సావడాలు, ఒకదాన్ని ఒకటి తినేవన్నీ పక్కపక్కనే, ఒకదాని మీద ఒకటి, నోళ్ళు పైకెత్తి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి. మనుషులు మీద పడుతున్నా కదలడం లేదు. చేప అంటే జారిపోయేదని నాకు తెలుసు. ఇవి చేతికి తామే వస్తున్నట్టున్నాయి. లుంగీల్లో, బక్కెట్లలో, హెల్మెట్లలో నింపుకుంటున్నారు. ఒకావిడ నీళ్ళ ట్యాంకు మూత తెచ్చింది. అంత జనం ఉన్నా అరుపులు లేవు, అదే నన్ను ఎక్కువ భయపెట్టింది. అన్ని వేల నోళ్ళు ఒక్కసారి తెరుచుకుంటుంటే చిటపటమని ఒక చప్పుడు వస్తోంది, సన్నగా వాన పడుతున్నట్టు.

నాకు జోకు రాలేదు. అలా జరగడం నాకు కొత్త.

థర్మామీటరు ముంచాను. ఏటి నీరు వచ్చే చోట ఇరవై ఏడు. సముద్రం వైపు ముప్పై అడుగులు నడిచి ముంచాను. ఇరవై మూడు. పుల్ల పాడవలేదు. ఆ ముప్పై అడుగుల మధ్యే మా సముద్రంలో ఉన్నదంతా ఇరుక్కుని ఉంది. రెండు అంకెలూ రాశాను, చూసినవి చూసినట్టు. నాలుగు రోజుల తరవాత మొదటిసారి.

బావ అక్కడే ఉన్నాడు, లుంగీ నిండా చేపలతో. నన్ను చూసి లుంగీ ముడి బిగించుకున్నాడు. మేమిద్దరం ఆ రోజు ఆ వలకి ఏం చేశామో నాకు తెలుసు, వాడు చేసింది అందరూ చూశారు, నేను చేసింది ఎవరూ చూడలేదు, అంతే తేడా.

ఆ సాయంత్రం దీపాలు పెట్టే వేళకి వాడు మావయ్య ఇంటికొచ్చాడు. అరటాకులో ఒక పెద్ద పండుగప్ప, ఇంకా నాలుగైదు చేపలు తెచ్చి గుమ్మంలో పెట్టాడు. మావయ్య మంచం మీద ఉన్నాడు. కాలు ఉబ్బింది, అత్తయ్య కొత్త కట్టు కడుతోంది. నేను ఆ పక్కన కొబ్బరినూనె సీసా పట్టుకుని, పనికొచ్చేవాణ్ణనిపించుకోడానికి ప్రయత్నిస్తున్నాను.

"ఏంట్రా అది?" అన్నాడు మావయ్య.

"చూసినవాడి పాలండి, పెదనాన్నా."

"నేను చూడలేదు కదా."

బావ తల దించుకుని, ఎవరు చూసినా చూడకపోయినా ముందు తీసేది ఆ పాలే కదా అని ఏదో గొణిగాడు.

"అక్కడ తాడు లేదురా," అన్నాడు మావయ్య. "తాడు లేనిచోట పాలెక్కడిది? అది ఎవడికి దొరికింది వాడిదే. తీసుకెళ్ళు, పిల్లలకి వండిపెట్టు."

వాడు తీసుకెళ్ళలేదు, అక్కడే నిలబడ్డాడు. రేపు వ్యాను వస్తుందని, పదకొండు మందీ వెళ్తున్నామని చెప్పాడు. మావయ్య సరే అన్నాడు. వెళ్ళొద్దని గానీ, మోకు ఎందుకు వదిలేవని గానీ అడగలేదు. అడుగుతాడని నేనూ వాడూ ఇద్దరం ఎదురుచూశాం. ఆయన అడగకపోవడం మా ఇద్దరికీ చెంపదెబ్బలా తగిలింది. ఆ పండుగప్పని చివరికి అత్తయ్య వండింది. చాలా బాగుంది. అలాంటి రోజున అంత బాగుండకూడదు.

సోమవారం వ్యాను పోయాక నీళ్ళలో దిగాను. విసురు వల ఐదుసార్లు విసిరాను. ఐదుసార్లూ ఖాళీ. ఒక్క పిల్ల కూడా లేదు. రొయ్య మీసం కూడా లేదు. ఆరోది, లెక్కలో లేనిది, విసిరి చూశాను. ఖాళీయే. నేను చూసినంతలో ఆ మోకాలి లోతులో ఎప్పుడూ ఏదో ఒకటి కాలికి తగిలేది. ఆ పొద్దున్న సముద్రం కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. నిన్నటి జనం వదిలేసిన చేపలు మొగ పొడుగునా తెల్లగా తేలి ఉన్నాయి, కాకులు కూడా తినలేక పక్కన కూర్చున్నాయి. ఒక్క రోజు తేడాలో అంత నిండుదనం, అంత శూన్యం. ఐదు గళ్ళలో ఐదు సున్నాలు రాశాను. సున్నా రాయడం అంత కష్టమని తెలియదు.

మంగళవారం మేడం గారు వచ్చారు. రిజిస్టరు ఆవిడ ముందు పెట్టి, ఆ మూడు అంకెలూ నేను అల్లినవని చెప్పేశాను. ఆవిడ నన్ను తిట్టలేదు. చాలాసేపు ఆ పేజీని చూసి, గాలి గురించి రాసిన వరసల మీద వేలు పెట్టారు. గాలి అన్ని రోజులు ఒడ్డు వెంబడి ఒకే పట్టున వీస్తే పైనున్న వెచ్చటి నీరు లోపలికి జరిగిపోతుందనీ, ఆ చోట్లోకి అడుగు నీరు లేచి వస్తుందనీ, అది చల్లగా ఉంటుందనీ, అందులో చేపకి పీల్చుకోడానికి ఊపిరి తక్కువనీ చెప్పారు. మావయ్య నాన్న చెప్పిందే, ఆవిడ కాస్త శుభ్రంగా చెప్పారు. తరవాత ఎర్ర పెన్ను తీసి, నా మూడు ఇరవై ఎనిమిదుల మీదా గీత కొట్టి, ఆ గళ్ళు ఖాళీగా వదిలేశారు. ఏడాది మొత్తంలో ముఖ్యమైన మూడు రోజులు అవే, వాటికి అంకె లేదు అన్నారు. నాలుగు తిట్లు తిట్టి ఉంటే బాగుండేది.

వెళ్తూ వెళ్తూ మావయ్య మంచం దగ్గర కూర్చుని ఇంకో మాట చెప్పారు. ఆ అడుగు నీటిలో ఎరువు ఉంటుందట. గాలి తగ్గి, నీరు మళ్ళీ వెచ్చబడితే మూడు నాలుగు వారాల్లో మేత పెరుగుతుంది, మేత వెనకాల కవళ్ళు రావచ్చు, రాకపోనూ వచ్చు అన్నారు. మావయ్య ఆ "రావచ్చు" దగ్గర ఆగిపోయాడు. "రాకపోనూ వచ్చు" ఆయన చెవిలో పడిందో లేదో నాకు అనుమానమే.

బుధవారం పొద్దున్న ఆయన కత్తి అడిగాడు. అత్తయ్య మొహం పాలిపోయింది. నేను ఇవ్వలేదు. ఆయనే లేచి తీసుకుని, కుంటుకుంటూ ఒడ్డుకి వెళ్ళి, వలని ఇసక మీద పొడుగునా పరిపించాడు. మిగిలిన ఇరవై ఒక్క మందీ చుట్టూ చేరారు. కంచెలకి కోస్తున్నాడని అందరం అనుకున్నాం. ఒకాయన తన పెరడుకి ఎంత కావాలో మనసులో కొలుచుకోవడం కూడా నేను చూశాను. మావయ్య సంచి దగ్గర కూర్చుని, సంచికి రెండు వైపులా రెక్కల్లా చాచి ఉండే వలని సమానంగా కొలిచి, రెండు పక్కలా సగానికి కోశాడు. తీసేసిన ముక్కలు పక్కన పెట్టి, మిగిలిన రెక్కల చివర్లకి మళ్ళీ మోకు ముడెయ్యడం మొదలుపెట్టాడు. అప్పటికి మాకు అర్థమైంది. అడిగితే చెప్పాడు.

"దీనికి ఇరవై మంది చాలు. ఒకడు ఎక్కువే ఉన్నాం."

ఆ ఎక్కువైనవాడు ఎవరని ఎవరూ అడగలేదు. బెండ్లు సర్దడం, బరువుకి గుండ్లు కట్టడం నాకూ అప్పచెప్పారు. నేను కట్టిన ముడులు అత్తయ్య మళ్ళీ విప్పి కట్టింది. నీరు ఆ రోజు ఇరవై ఆరు ఉంది. గాలి ఇంకా పూర్తిగా తిరగలేదు. ఆ సగం వలతో ఏమైనా పడుతుందో లేదో అప్పటికి ఎవరికీ తెలియదు.

చిన్న వలతో ఒక సౌకర్యం ఉంది. తొందరగా ఆరుతుంది. పొద్దున్న పరిస్తే మధ్యాహ్నం రెండింటికల్లా మడత పెట్టేయొచ్చు.